రేపటికి దాచిన నిప్పు

నిప్పు ఆరిపోతుంది గానీ, దాని కింద కాలిన మట్టి ఆ వేడిని మరిచిపోదు. ఈ ఒక్క ముక్కను పట్టుకుని డాక్టర్ సుంకులమ్మ సగం వయసు గడిపేసింది. ఒకప్పుడు సంబంధాలు మాట్లాడటానికి వచ్చినవాళ్ళు "అమ్మాయి ఏం చేస్తుందండీ?" అని అడిగితే, వాళ్ళమ్మ పుల్లమ్మ "బూడిదెలు తవ్వుతాదయ్యా" అని ఉన్నమాట చెప్పి పంపేసేది. అందులో అబద్ధమేమీ లేదు. తవ్విన బూడిద కింది మట్టి చేత మాట్లాడించే యంత్రాన్ని కూతురు కనిపెట్టిందన్నది మాత్రం పుల్లమ్మ చెప్పేది కాదు, వచ్చినవాళ్ళు అడిగేవారూ కాదు.

ఆ యంత్రానికి కాగితాల్లో చాంతాడంత పేరు ఉంది. కర్నూలులో ఆమె పనిచేసే ప్రయోగశాలలో అందరూ 'నివురు' అనే పిలుస్తారు. కాలిన మట్టిని కాగితమంత పలచని రేకులుగా కోసి, చీకటిగదిలో మెల్లగా వేడి చేస్తే, ఒక్కో రేకూ మిణుగురుకన్నా తక్కువ వెలుగు వదులుతుంది. ఆ వెలుగును బట్టి ఆ మట్టి ఎంత వేడి చూసిందో, ఎప్పుడు చల్లారిందో, మళ్ళీ ఎప్పుడు వేడెక్కిందో నివురు వరసగా గీత గీసి చూపిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. వెలుగు వదిలేసిన మట్టిలో ఇంకేమీ మిగలదు. చెరువులోంచి అప్పుడే తెచ్చిన పచ్చిమట్టికీ దానికీ తేడా ఉండదు. ఏ మట్టినైనా ఒక్కసారే చదవగలరు.

అలా ఒక్కసారే చదవదగ్గ మట్టి ఎర్రమల కొండల్లోని నెమళ్ళగవిలో దొరికింది. గుహ కప్పులోంచి ఎప్పుడో ఒక బండ విరిగిపడి చేటంత జాగాను కప్పేసింది. చుట్టుపక్కలదంతా వాననీళ్ళు కడిగేసినా బండ కింద కాలిన మట్టి అలాగే నిలిచింది. వయసు లెక్క కడితే నాలుగు లక్షల ఏళ్ళు తేలింది. మన జాతి మనిషి ఇంకా పుట్టని కాలం అది. ఆ మట్టి మూడు గడ్డలుగా ప్రయోగశాలకు వచ్చింది. మొదటి గడ్డను, యంత్రం తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో ఆత్రపడి చదివి పాడుచేసుకున్నారు. పిచ్చిగీతలు తప్ప ఏమీ రాలేదు. ఆ రోజు సుంకులమ్మ ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు.

ఇప్పుడు రెండో గడ్డ యంత్రంలో ఉంది.

చీకటిగదిలో ఎర్రబల్బు కింద ఆమె పక్కన మౌలాలి నిలబడ్డాడు. గవిలో ఆ బండను ఎత్తించి, మట్టి చెదరకుండా తవ్వి తీసినవాడు అతనే. భూగర్భశాస్త్రం చదువుకున్నాడు, నోటికి మాత్రం పదును ఎక్కువ. ఆ రోజు మాత్రం తెర మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

గీత పైకి లేచింది. కార్చిచ్చు అయితే ఒక్కసారి నిటారుగా లేచి, ఒక్కసారే కూలిపోతుంది. ఈ గీత అలా చేయలేదు. లేచింది, దిగింది, అడుగుకు మాత్రం తగల్లేదు. సగంలో ఆగి, కునుకు తీసినట్టు నెమ్మదిగా సాగి, మళ్ళీ లేచింది. మళ్ళీ దిగింది, మళ్ళీ సగంలోనే ఆగింది.

"మేడమ్, ఇది పండబెట్టిన నిప్పు," అన్నాడు మౌలాలి గొంతు తగ్గించి.

"అవును మౌలాలీ. ఎవరో బూడిద కప్పినారు."

ఆ మాట అంటుంటే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మంట దగ్గర కూర్చోవడం వేరు, నిప్పు దాచుకోవడం వేరు. చలి వేస్తే ఏ జంతువైనా మంట పక్కకు చేరవచ్చు. కడుపు నిండి, ఒళ్ళు వెచ్చబడ్డాక కూడా లేచి, మిగిలిన కణికలను ఒకచోటికి తోసి, వాటి మీద బూడిద కప్పాలంటే మాత్రం రేపు అనేది ఒకటి వస్తుందని తెలిసి ఉండాలి. నాలుగు లక్షల ఏళ్ళ కిందట ఎవరికో ఆ సంగతి తెలుసు. పేరు లేదు, బహుశా మాట కూడా సరిగా లేదు, రేపు మాత్రం ఉంది.

గీత అలా చాలాసేపు లేస్తూ దిగుతూ సాగింది. తర్వాత ఒకచోట పూర్తిగా అడుగంటి, కొంతదూరం చదునుగా పోయింది. మళ్ళీ లేచి, మళ్ళీ పాత పద్ధతిలో సాగింది. ఆ చదునైన ముక్క కింద యంత్రం తనంతట తాను ఒక మాట అచ్చువేసింది: 'మైల'.

యంత్రానికి ఆ మాట నేర్పింది సుంకులమ్మే. సీమంతా తిరిగి పాత పొయ్యిలూ, టీకొట్ల పొయ్యిలూ, సున్నపుబట్టీలూ, కాలిపోయిన అడవుల మట్టీ తెచ్చి, ఒక్కోదానికి పేరు పెట్టి నివురుకు చదువు చెప్పింది. ఇది వంట, ఇది బట్టీ, ఇది కార్చిచ్చు అని. ఇంట్లో చావు జరిగితే పొయ్యి ముట్టించరు కదా, పొయ్యి పూర్తిగా చల్లబడి మళ్ళీ వెలిగితే దానికి 'మైల' అని పేరు పెట్టింది. అందుకు మచ్చుగా చూపింది తమ ఇంటి పొయ్యినే. మొదటినుంచి చివరిదాకా ఒకే ఇల్లాలి చేతి మీద నడిచిన పొయ్యి అదొక్కటే దొరికింది. నాన్న పోయినప్పుడు అది చల్లబడిన జాగాను చూపించి, చావు అంటే ఇలా ఉంటుందని యంత్రానికి నేర్పింది.

"అంటే... వాళ్ళల్లో ఎవరో సచ్చిపోతే పొయ్యి ముట్టించలేదంటావా?" అన్నాడు మౌలాలి.

సుంకులమ్మ అచ్చుపడ్డ ఆ మాట మీద వేలు పెట్టి ఇంకోసారి చదివింది.

*

సంస్థ పెద్ద విరూపాక్షి గారు ఆ గీతను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. త్వరలో రిటైరు కావలసిన మనిషి. సుంకులమ్మను ఉద్యోగంలోకి తీసుకున్నదీ, నలుగురూ నవ్వుతున్నప్పుడు ఆమె బూడిద బుట్టలకు గది ఇచ్చిందీ ఆయనే.

"మానవుడి మొదటి కన్నీరు!" అన్నారు. "శీర్షిక అదే. హైదరాబాద్‌లో పెద్ద సభ పెడదాం. బయటి దేశాలవాళ్ళను కూడా పిలుద్దాం. మూడో గడ్డను అక్కడే, అందరి కళ్ళెదుట చదువుదువుగానీ. ఆ మర్నాడే ఈ కుర్చీకి నీ పేరు రాసి పంపుతాను. నువ్వు కూర్చున్నాకే నేను లేస్తాను, సరేనా?"

బయటికి వచ్చాక మౌలాలి తల గోక్కున్నాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్యట్ల, సారు అప్పుడే పేరు గూడా పెట్టేసె."

"నువ్వు ఊరుకో మౌలాలీ," అంది సుంకులమ్మ. ఆమెకు ఆ పేరు నచ్చింది. ఆ కుర్చీ కూడా నచ్చింది. నచ్చలేదని చెబితే ఈ కథ అబద్ధమవుతుంది. ఆ కుర్చీ వస్తే గవిలో ఇంకా తవ్వించవచ్చు, నివురుకు తమ్ముళ్ళను తయారుచేయవచ్చు. అన్నీ లెక్క వేసుకుంటూనే ఇంటికి వెళ్ళింది.

ఇంట్లో పుల్లమ్మ గ్యాసు పొయ్యి ముందు జొన్నరొట్టెలు కాలుస్తూ దాన్ని తిడుతోంది. ఊళ్ళో ఇల్లు వదిలి కూతురి దగ్గరికి వచ్చి చాలాకాలమైనా ఆమెకూ గ్యాసుకూ పొసగలేదు. చెవి తిప్పితే వెలిగి, చెవి తిప్పితే ఆరిపోయే నిప్పు ఆమె దృష్టిలో నిప్పే కాదు. ఊరు వదిలేటప్పుడు పాత పొయ్యిని నేలతో సహా కోసి తెచ్చుకుంటానని సుంకులమ్మ అంటే, "పొయ్యికి గూడా పోస్టుమార్టమా మీకు!" అని నవ్వి సరే అంది. చదివితే మట్టిలో ఏమీ మిగలదని తెలిశాక మాత్రం నవ్వలేదు. "నా వంటంతా పాయనా అయితే?" అని అడిగింది. గీత ఉంటుందమ్మా అని కూతురు చెప్పింది. గీతలో రొట్టె వాసన ఉండదని సుంకులమ్మకు అప్పుడే తెలుసు, ఆ నొప్పిని పని తొందరలో పక్కకు పెట్టేసింది.

"అమ్మా, గవిలో ఎవరో నిప్పు దాచినారే. బూడిద కప్పి, నీ మాదిరే."

"ఆడదేనా?"

"ఆడదో మొగోడో యట్ల తెలుస్తాది?"

"రేపటికని దాచింది గదా, ఆడదే," అని తేల్చేసింది పుల్లమ్మ.

సుంకులమ్మ నవ్వి, చదునైన గీత సంగతి చెప్పింది. మన పొయ్యే యంత్రానికి గురువైందనీ, నాయన పోయినప్పుడు మన పొయ్యి చల్లబడిన గుర్తును చూసి యంత్రం గవిలోని చావును కనిపెట్టిందనీ సంబరంగా చెప్పుకుపోయింది. పుల్లమ్మ వెనక్కి తిరగలేదు.

"రొట్టె మాడతాంది, ఉండు," అంది. రొట్టె మాడటం లేదు. సుంకులమ్మ అది చూసింది గానీ పట్టించుకోలేదు.

*

సభ దగ్గరపడుతున్నప్పుడు తెర మీద చూపించడానికి బొమ్మలు కావలసివచ్చాయి. చదివేసిన రేకులను పారేయరు, చిన్న డబ్బాల్లో దాచిపెడతారు. వేడి జ్ఞాపకం పోయినా మట్టి మట్టే కదా. గవి పొయ్యి చల్లబడిన చోటి రేకునూ, తమ ఇంటి పొయ్యి చల్లబడిన చోటి రేకునూ పక్కపక్కన పెట్టి ఫొటో తీస్తే బాగుంటుందని సుంకులమ్మ అనుకుంది. చదివినప్పుడు ఎర్రబల్బు చీకట్లో కోసిన రేకులు అవి. వెలుగులో ఎవరూ చూడలేదు.

ముందు గవి రేకును సూక్ష్మదర్శిని కింద పెట్టింది. బూడిద, సన్నటి దుమ్ము, అంతే. తర్వాత ఇంటి రేకు పెట్టింది. పెట్టి, కన్ను తీసి, అద్దం తుడిచి, మళ్ళీ చూసింది.

"మౌలాలీ, ఇట్లా రా."

మౌలాలి వంగి చూశాడు. రేకు నిండా అభ్రకం తళతళలాడుతోంది. గుండ్రటి సన్నని ఇసుక.

"ఏటి ఒండ్రు ఇది," అన్నాడు. "తుంగభద్ర ఇసుక. మీ వంటింట్లోకి ఏరు యట్ల వచ్చె మేడమ్?"

ఎట్లా వచ్చిందో ఆమెకు తెలుసు. పెద్ద వరద వచ్చినప్పుడు ఊరంతా బడి మిద్దె ఎక్కి కూర్చుంది. ఆమె అప్పటికి కాలేజీ దాటిన పిల్ల. నీళ్ళు తీశాక పుల్లమ్మ పొయ్యి మీది బురద గీరి, అలికి, మళ్ళీ ముట్టించింది. పొయ్యి చల్లబడింది వరదకు. నాన్న పోయింది దానికి ఎన్నో ఏళ్ళ ముందు, సుంకులమ్మకు ఊహ తెలియని రోజుల్లో.

పొయ్యి మొత్తం మీద పూర్తిగా చల్లబడిన జాగా ఒక్కటే కనిపించింది. ఒక్కటే కనిపించేసరికి, వరద సంగతి తట్టక, అది నాన్న చావేనని రాసేసింది. చావింట్లో పొయ్యి వెలిగించడం తమ ఇళ్ళల్లో జరగని పని, ఇంక చూసేదేముంది అనుకుంది. వేరే దేశం నుంచి వచ్చినవాడెవడైనా అయితే రెండుసార్లు చూసుకునేవాడు. తనకు ఆచారం తెలుసు కాబట్టి మట్టిని అడగలేదు.

మరి నాన్న పోయిన జాగా ఎక్కడ? పుల్లమ్మ ఏటా ఉగాదికి పొయ్యికి ఎర్రమన్ను పూస్తుంది. ఆ ఎర్రచారల వెంట ఏడాది ఏడాది వెనక్కి నడుచుకుంటూ పోయి, నాన్న పోయిన సంవత్సరం దగ్గర గీతను పట్టుకుంది. అక్కడ పొయ్యి చల్లబడలేదు. వంటల ఎత్తులన్నీ ఆగిపోయి, బూడిద కింద నిప్పు మాత్రం పడుకుని ఉంది. ఆ పడుకున్న గీత మీద, అక్కడక్కడా, గోరంత ఎత్తు. ఒక చెంబెడు నీళ్ళు కాగేంత వేడి.

"మేడమ్, ఇది దొంగనిప్పు," అన్నాడు మౌలాలి మెల్లగా. ఈసారి ఎగతాళి లేదు.

*

సాయంత్రం పుల్లమ్మ వసారాలో కూర్చుని అలసందలు ఒలుస్తోంది. సుంకులమ్మ పక్కన చతికిలబడి చేటలోకి చేయి పెట్టింది. ఎలా అడగాలో తోచక ఉన్నదున్నట్టు అడిగేసింది.

"నాయన పోయినప్పుడు మన పొయ్యి ఆరలేదు గదమ్మా?"

పుల్లమ్మ చేతులు ఆగాయి. కూతురి మొహం వంక చూసింది, తర్వాత ఫక్కున నవ్వింది.

"ఈ పాడుమన్ను ఇన్నేండ్లు నోరు మూసుకోని, నీకు జెప్పెనా?"

"చెప్పింది. నేనే సరిగా వినలేదు."

"మీ నాయన్ని అరుగు మీద పండబెట్టిండ్రి. మీ చిన్నాయన బొంబాయి నుంచి రావల్ల, అందాక ఎత్తేది లేదన్యారు. మా అత్త, మీ జేజి వచ్చి, పొయ్యిలో నీళ్ళు పొయ్‌మే అనె. చెంబు తీస్కోని పోతి. సుయ్యిమని ఇనపడల్ల గదా, ఒక్క కొరివి మింద రెండు సుక్కలు పోస్తి. తక్కిన నీళ్ళు పక్కన పోస్తి. కణికెలన్నీ మూలకు తోసి బూడిద గప్పితి."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటావేంది? నీకు జరం. పక్కిండ్లోళ్ళు సంగటి తెచ్చిరి, అన్నం తెచ్చిరి, ఏది పెట్టినా కక్కుతాంటివి. రాగిజావ ఒక్కటే లోపలికి పోతాండె. జనమంతా బయట ఏడుస్తాంటే, నేను వంటింట్లో కూసోని ఏడుస్తాండానని అనుకున్యారు. ఏడుస్తానే ఉంటి. జావ కలుపుకుంటా ఏడుస్తి."

తన గుక్కెడు జావ కోసం లేచిన గోరంత ఎత్తులను సుంకులమ్మ తెర మీద చూసింది. వాటిని చదివి, చెరిపేసింది కూడా.

"భయం కాలేదా?"

"కాకుండా యాడుంటాది? మైల ఇంట్లో నిప్పు దాచిన దాన్నని ఎన్నేండ్లో భయపడితి. నీకు చిన్న దగ్గొచ్చినా ఆ పాపమే అనుకుంటి. తర్వాత తర్వాత పోయింది భయం. ఆకలి రుచే ఎరగదంటారు, ఇంగ మైలనేం ఎరుగుతాది?" పుల్లమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మొన్న నువ్వు అంత సంబరంగా చెప్తాంటే, ఎందుకులే అని గమ్మునుంటి. అడిగింటే అప్పుడే చెప్పుదును గదమ్మే."

"అడగలేదమ్మా. తెలుసనుకున్యా."

ఇద్దరూ మళ్ళీ అలసందలు ఒలవసాగారు. అలా ఒలుస్తుండగానే సుంకులమ్మకు చేయవలసిన పని తేటతెల్లమైంది. తమ ఇంటి పొయ్యిని తప్పుగా చదివినా, అడగటానికి అమ్మ ఉంది. గవిలోని పొయ్యిని అడగటానికి ఎవరూ లేరు. ఆ మూడో గడ్డ ఒక్కటే ఉంది.

"ఈ సంగతి సభలో చెప్పల్లంటే నీకేమన్నా..."

"చెప్పు. నేను ఊరిడిసినాక మీ జేజి గూడా పాయె. ఇంగ నన్నెవరు తిడతారు?"

*

విరూపాక్షి గారు మొత్తం విన్నారు. మొదట కోపం వచ్చింది, తర్వాత నీరసం వచ్చింది.

"సరే, మైల మాట తీసేద్దాం. మూడో గడ్డ చదువు. అది ఎందుకు చల్లబడిందో అందులో తేలవచ్చు కదా!"

"తేలదు సార్. పొయ్యి చల్లబడిందని నివురుకు తెలుసు. ఎందుకు చల్లబడిందో తెలియదు. వరదనూ చావునూ వేరుచేయలేని యంత్రం ఇది, నేను చేసింది కాబట్టి నాకు తెలుసు. ఇప్పుడు చదివితే ఇంకో గీత వస్తుంది, మట్టి పోతుంది. మొదటి గడ్డను అలాగే పోగొట్టుకున్నాం."

"నువ్వు చదవకపోతే ఈ కుర్చీలోకి ఇంకొకరు వస్తారు సుంకులా. అతను చదువుతాడు."

"అందుకే నలుగురి ముందు చెబుతాను. నలుగురికీ తెలిసిన నిప్పును ఎవరూ చాటుగా ఆర్పలేరు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అందరినీ పిలిచేశాం," అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. సభకు రావద్దని మాత్రం అనలేదు.

హైదరాబాద్‌లో సభ నిండుగా జరిగింది. వేదిక మీద నివురు యంత్రాన్ని తెచ్చి నిలబెట్టారు, పక్కన నల్లగుడ్డ చుట్టిన మూడో గడ్డ. ముందు వరసలో పుల్లమ్మ కొత్తచీర కట్టుకుని, ఏసీ చలికి కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. సుంకులమ్మ తడబడకుండా మాట్లాడింది. నెమళ్ళగవిలో నాలుగు లక్షల ఏళ్ళ కిందట ఎవరో నిప్పును వాడటమే కాదు, దాచి పెట్టుకున్నారని చెప్పింది. గీతలు చూపించింది, అనుమానం ఉన్నవాళ్ళను అడగమంది, అడిగిన ప్రతిదానికీ గట్టిగా నిలబడి జవాబు చెప్పింది. దాని మీద ఎవరూ ఆమెను కదిలించలేకపోయారు.

తర్వాత తన తప్పు చెప్పింది. తమ ఇంటి పొయ్యి కథ చెప్పింది. కొరివి మీద రెండు చుక్కలు పోసిన సంగతి చెప్పగానే హాలులో ఎక్కడో ఒక ఆడమనిషి చప్పున ముక్కు చీదింది.

"కాబట్టి ఈ మూడో గడ్డను నేను చదవను. మనకంటే మంచి యంత్రం చేసేవాళ్ళు వచ్చేదాకా ఎవరూ చదవకూడదని అడుగుతున్నాను."

కలకలం రేగింది. ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఒక విదేశీ పెద్దమనిషి లేచి అడిగాడు. అనువాదం చేసే అమ్మాయి ఆ ప్రశ్నను తెలుగులో చెప్పింది: "మరి ఆ చల్లారిన కాలంలో ఆ గుహలో ఏం జరిగింది?"

"తెలియదు," అంది సుంకులమ్మ. అంతమందిలో ఆ మాట అనడం తాను భయపడినంత కష్టంగా లేదు. "వాన కావచ్చు, వలస కావచ్చు, చావు కావచ్చు. చావైతే, గుహ లోపల ఇంకోచోట ఎవరైనా పసిబిడ్డ కోసం నిప్పు దాచారేమో కూడా ఈ యంత్రానికి తెలియదు. తెలిసింది చెబుతాను. తిరిగి వచ్చారు. మళ్ళీ ముట్టించారు. మళ్ళీ బూడిద కప్పారు."

మర్నాడు పత్రికల్లో ఆ వార్త లోపలి పేజీలో ఒక మూలన వచ్చింది. మొదటి కన్నీరు లేని కథ ఎవరికి కావాలి? విరూపాక్షి గారి కుర్చీలోకి వేరే ఊరి నుంచి వేరే ఆయన వచ్చాడు. సుంకులమ్మకు బాధ వేయలేదంటే అది కూడా అబద్ధమే. రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగింది, మూడో రోజు నివురుకు వరదనూ వాననూ నేర్పించే పనిలో పడింది. యంత్రం నుంచి 'మైల' అనే మాట తీసేసి, ఆ చోట 'చల్లబడింది' అని మాత్రం రాసింది.

కుర్చీ దిగిపోయే ముందు విరూపాక్షి గారు ఒక పని చేసి వెళ్ళారు. మూడో గడ్డను సీసపు పెట్టెలో పెట్టి నేలమాళిగలో భద్రపరచాలనీ, బయటివాళ్ళు కూడా ఉన్న ఒక బృందం ఒప్పుకుంటే తప్ప తెరవరాదనీ ఉత్తర్వు వేయించారు. పెట్టె మూసే రోజున ఆయనే స్వయంగా వచ్చి, "మీ అమ్మగారిని కూడా పిలువు" అన్నారు.

పుల్లమ్మ కొంగున ఏదో ముడివేసుకుని వచ్చింది. విప్పితే బూడిద. పక్క వీధిలో కట్టెల పొయ్యి మీద ఇడ్లీలు పెట్టే ఆమె దగ్గర అడిగి తెచ్చిందట.

"ఊరికే సీసంలో పెడితే యట్ల? పైన ఇంత కప్పల్ల గదా."

"అవ్వా, బూడిదెలో నీ కంటికి కనపడని కిరణాలుంటాయి," అన్నాడు మౌలాలి కంగారుగా అడ్డుపడి. "ఏండ్ల తరబడి ఆనుకోనుంటే లోపలున్న గుర్తులు చెడిపోతాయి. ఈ నిప్పుకు సీసమే బూడిద."

"అట్లనా," అంది పుల్లమ్మ. ఒప్పుకున్నట్టే కనిపించింది. బూడిదను మళ్ళీ ముడివేసి, మూత బిగించేదాకా ఓపిగ్గా నిలబడింది. తర్వాత ముందుకు వంగి, ఊళ్ళో ప్రతి రాత్రీ పొయ్యి మీద చేసినట్టే, ఆ పెట్టె మూతను అరచేత్తో మెత్తగా రెండుసార్లు తట్టింది.

"ఎవరు తెరుస్తారో, ఎప్పుడు తెరుస్తారో, ఏమో," అంది సుంకులమ్మ.

"నిద్దర్లేసినోళ్ళు ఊదుకుంటారులేమ్మే," అంది పుల్లమ్మ. "మన పని కప్పేదే."